తిరుపతిలో అడ్వెంచర్ బండి పెట్టుకోవాలంటే

ఆదివారం పొద్దున అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర ఓ పావుగంట నిలబడితే చాలు. మూడు అల్యూమినియం డబ్బాలు, నాలుగు ఫాగ్ లైట్లు, ట్యాంకు నిండా స్టిక్కర్లు ఉండి, చైను మాత్రం తుప్పు పట్టి వేలాడుతున్న అడ్వెంచర్ బండి ఒకటైనా కనబడుతుంది. ఈ తరహా బండ్లలో మనం డబ్బు పోసే చోటు వేరు, బండి నోరు తెరిచి అడిగే చోటు వేరు. ఈ పోస్టులో రాసేదంతా ఆ రెండో చోటు గురించే.

ముందు దారుల సంగతి. తిరుమల ఘాట్ రోడ్లు రెండూ నున్నటి తారు, రెండూ వన్‌వేలు. పైకి వెళ్లేది 1974లో వచ్చిన రెండో ఘాట్, కిందికి దిగేది 1944 నాటి మొదటి ఘాట్. వాటికి 100 సిసి బండి చాలు, జనం దశాబ్దాలుగా వాటి మీదే ఎక్కి దిగుతున్నారు. పెద్ద బండి అక్కర తెలిసొచ్చేది వేరే చోట్ల. ఇద్దరు సామానుతో సహా భాకరాపేట ఘాట్ దాటి, పీలేరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ వెళ్లేటప్పుడు. నెరబైలు నుంచి తలకోనకి తిరిగేటప్పుడు. గ్రానైట్ లారీలు తొక్కి తొక్కి చితికిపోయిన చిత్తూరు, కుప్పం వైపు పల్లె రోడ్ల మీద. నవంబరు వానలకి వాగు చప్టా మీద పొర్లినప్పుడు. ఒకే రోజులో హైవే, ఘాట్, గుంతలు, కంకర అన్నీ తగిలే ప్రయాణాలకి పుట్టిన బండి ఇది.

మట్టి బాట కనబడింది కదా అని శేషాచలం అడవిలోకి దించే ఆలోచన మాత్రం మానుకోండి. అది నేషనల్ పార్కు. అనుమతి లేకుండా లోపలికి పోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఎర్రచందనం ఉన్న అడవి కాబట్టి చీకట్లో లోపల లైటు కనబడితే అటవీ సిబ్బంది మిమ్మల్ని విహారయాత్రికుడిగా చూడరు. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అడవి పక్క దారిలో ఏనుగులు రోడ్డు దాటతాయి. అక్కడ పొద్దు పోయాక ప్రయాణం పెట్టుకోకండి. ఏనుగు కనబడితే హారన్, హైబీమ్ రెండూ వద్దు. దూరంగా ఆపి, వచ్చిన దారిన తిప్పుకోవడమే.

ఏ బండి అనే ప్రశ్న

ఇంజిన్ గుర్రాల లెక్క కంటే ముందు సీటు ఎత్తు, బరువు చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 సీటును 825, 845 మిల్లీమీటర్ల ఎత్తుల్లో పెట్టుకోవచ్చు. బండి బరువు 196 కిలోలు. 250 సిసి తరగతిలోని సుజుకీ వి-స్ట్రామ్ ఎస్ఎక్స్ సీటు 835 ఉన్నా బరువు 167 కిలోలే. అయిదున్నర అడుగుల మనిషికి రెండూ మునివేళ్ల మీదే. తేడా తెలిసేది బండి పక్కకి ఒరిగిన క్షణంలో. 167 కిలోలని తొడతో ఆపుకోవచ్చు, 196 పైన సామాను కూడా ఉంటే దాని దారిన దాన్ని పడనివ్వడమే నడుముకి మంచిది.

రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలన్న పట్టుదల అక్కర్లేదు. ఆపేటప్పుడు సీటు మీద కొంచెం ఎడమకి జరిగి ఎడమ పాదం మాత్రం నిండుగా ఆనించండి, కుడి కాలు వెనక బ్రేకు మీదే ఉంచండి. ఎత్తు మీద ఆగినప్పుడు ఈ అలవాటే మీ బండిని వెనక్కి జారకుండా కాపాడుతుంది. చాలామంది దీనికి బదులు బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ లింకు వెనక వేయించేస్తారు. వెనక పాతిక మిల్లీమీటర్లు దించి ముందు ఫోర్కుని ఉన్నచోటే వదిలేస్తే బండి ముందు భాగం లేచి, మలుపులో తిరగడానికి మొరాయిస్తుంది. సైడ్ స్టాండ్ కూడా పొడవైపోయి బండి నిటారుగా నిలబడుతుంది, చిన్న తోపుకే అవతలి పక్కకి పడుతుంది. సీటు ఫోమ్ తగ్గించుకోవడం ఇంతకంటే నయం.

ముందు చక్రం 21 అంగుళాలా, 19 అంగుళాలా అన్నది రెండో ప్రశ్న. పెద్ద చక్రం గుంతలోకి తక్కువ దిగుతుంది, రాయి మీదికి తేలిగ్గా ఎక్కుతుంది. 19 అంగుళాలది హెయిర్‌పిన్ మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. వారానికి ఆరు రోజులు లీలామహల్ సర్కిల్, రేణిగుంట రోడ్డు ట్రాఫిక్, నెలకోసారి దూరం అనుకునేవాళ్లకి 19 అంగుళాలు, ట్యూబ్‌లెస్ అలాయ్ చక్రాలు సుఖం. పల్లె రోడ్లు, క్వారీ దారులు ఎక్కువైతే 21 అంగుళాలు, స్పోకులు.

డబ్బు విషయంలో ఒక గీత గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సిసి లోపు బండ్లకి జీఎస్టీ 18 శాతం, 350 దాటితే 40 శాతం. గీతకి ఇవతల 250 సిసి బండ్లు ఒకప్పటి కంటే గిట్టుబాటుగా కనబడటానికి కారణం అదే. ఇద్దరితో 100 కిలోమీటర్ల పైన వేగంతో గంటల తరబడి నడిపే పని లేకపోతే 250 తరగతి మన దారులకి ఏం తక్కువ కాదు. 450 కొనేది బలుపు కోసమైతే కొనండి, తప్పు లేదు, అవసరమని మాత్రం ఇంట్లో చెప్పకండి.

వెనక షాకు: ఎవరూ ముట్టుకోని నట్టు

ఈ బండ్లలో ఎక్కువ మందికి తెలియని, ఎక్కువ తేడా చూపించే సర్దుబాటు ప్రీలోడ్, అంటే వెనక షాకు స్ప్రింగుని ముందే ఎంత బిగించి ఉంచాలన్నది. షోరూం నుంచి బండి ఒక్కడికి సరిపోయేలా వస్తుంది. దాని మీదే భార్యాభర్తలు, రెండు బ్యాగులు వేసుకుని అరుణాచలం బయల్దేరతారు. వెనక కుంగిపోయి హెడ్‌లైటు చెట్ల కొమ్మల్ని చూపిస్తూ, ఎదుటి లారీ డ్రైవర్ కళ్లలో కొడుతుంటుంది. ముందు చక్రం మీద బరువు తగ్గి ఘాట్ ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలినట్టు ఉంటుంది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అడుగున టక్కుమంటుంది.

కొలిచే పద్ధతి ఇదీ. బండి సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉంచండి. సెంటర్ స్టాండ్ లేకపోతే ఇద్దరు పట్టుకుని సైడ్ స్టాండ్ మీద వంచి చక్రం లేపినా సరే. ఇరుసు మధ్య నుంచి సరిగ్గా పైన తోక భాగంలో ఒక టేపు ముక్క అంటించి ఆ దూరం కొలవండి. ఉదాహరణకి 590 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇప్పుడు ప్రయాణంలో ఉండే బరువంతా, అంటే నడిపేవాళ్లు, వెనక కూర్చునేవాళ్లు, బ్యాగులు, ఎక్కించి, కాళ్లు పైకి పెట్టుకుని, మూడో మనిషి చేత మళ్లీ కొలిపించండి. 505 వస్తే బండి 85 కుంగిందని. వెనక చక్రం కదలిక 200 మిల్లీమీటర్లున్న బండికి ఈ కుంగుడు అందులో మూడో వంతు లోపు, 60 నుంచి 65 దగ్గర ఉండాలి. టూల్‌కిట్‌లో వచ్చే కొక్కెం పానాతో ప్రీలోడ్ రింగుని ఒకటి రెండు మెట్లు బిగించి మళ్లీ కొలవండి. ఆఖరి మెట్టులో కూడా 75 దాటి కుంగుతుంటే ఆ స్ప్రింగుకి ఆ బరువు మించిపోయిందనే లెక్క, సామాను తగ్గించాల్సిందే.

తిరిగొచ్చాక పాత మెట్టుకి దించడం మరిచిపోవద్దు. ఒక్కడే తిరుగుతూ బిగుసుకుపోయిన ప్రీలోడ్‌తో నడిపితే గుంత తగిలిన ప్రతిసారీ వెనక భాగం తన్నుతుంది. రింగు మరలు బురదతో పట్టేసి ఉంటే తిప్పేముందు పాత టూత్‌బ్రష్‌తో తోమి చుక్క నూనె వేయండి, లేకపోతే పానా జారి వేళ్ల చర్మం లేస్తుంది.

సామాను బరువు కింద, ముందుకి ఉండాలి. టూల్స్, ట్యూబులు, నీళ్లు పక్క బ్యాగుల్లో. టాప్ బాక్సులో రెయిన్‌కోటు, జర్కిన్ లాంటి తేలికవి మాత్రమే. టాప్ బాక్సు పరిమితి దాని ప్లేటు మీదే రాసి ఉంటుంది, చాలావాటికి పది కిలోల లోపే. అది వెనక ఇరుసుకి కూడా వెనక వేలాడుతుంది కాబట్టి మించి నింపితే హైవే మీద హ్యాండిల్ వణుకుతుంది, గుంతల్లో సబ్‌ఫ్రేమ్, అంటే సీటుని, వెనక సామానుని మోసే చట్రం, వెల్డింగు దగ్గర చీలిక వస్తుంది. కొండకి వెళ్లే అలవాటున్నవాళ్లకి ఇంకో మాట: అలిపిరిలో సామాను దింపి స్కానర్‌లో పెట్టాలి. బోల్టులేసి బిగించిన డబ్బాల కంటే రెండు బకిళ్లు తీస్తే చేతికొచ్చే మెత్తటి బ్యాగులు అక్కడ హాయి. సిగరెట్లు, మందు, ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఇంట్లోనే ఉండనివ్వండి.

టైర్లు, పంచర్లు

గాలి ఎంతుండాలో చైన్ కవరు మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరుంటుంది. ఒక్కరికి ఒకటి, ఇద్దరికి ఒకటి, రెండు అంకెలు. బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఏప్రిల్ మధ్యాహ్నం శ్రీకాళహస్తి నుంచి వచ్చి బంకులో కొలిస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువే చూపిస్తుంది. దాన్ని తీయించేస్తే మర్నాడు పొద్దున టైరు తక్కువ గాలితో ఉంటుంది.

కంకర, ఇసుక దారికి అయిదారు పీఎస్ఐ తగ్గిస్తే టైరు నేలని బాగా పట్టుకుంటుంది. ట్యూబున్న చక్రంలో 20 కంటే కిందికి పోవద్దు. రాయి తగిలినప్పుడు రిమ్ము, రాయి మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పాము కాటు గుర్తులా ఉంటాయి. బ్రేకు గట్టిగా కొడితే టైరు రిమ్ము మీద జారి వాల్వు మొదలంటా తెగుతుంది, దానికి ప్యాచీ పనికిరాదు. తారు ఎక్కగానే గాలి మళ్లీ నింపడానికి చిన్న కంప్రెసర్ గానీ కాలి పంపు గానీ ఉండాలి.

పంచర్ షాపు దగ్గర్లో లేకపోతే మీరే వేసుకోవాలి. చక్రం ఊడదీయండి. మీ బండి ఇరుసు నట్టుకి ఏ సైజు పానా కావాలో ఇంట్లోనే చూసుకుని అదే వెంట ఉంచుకోండి, కంపెనీ టూల్‌కిట్‌లో ఒక్కోసారి అది ఉండదు. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలి, టైరు అంచుని రిమ్ము నుంచి విడగొట్టండి. కాలితో తొక్కితే రాకపోతే తోడున్న బండి సైడ్ స్టాండుని టైరు అంచు మీద పెట్టి ఆ బండి బరువు వేస్తే దిగుతుంది. మొదటి లివర్‌ని వాల్వు దగ్గర పెట్టండి. దానికి ఎదురుగా ఉన్న అంచుని మోకాళ్లతో రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కి ఉంచితే లివర్ దగ్గర టైరు వదులుగా వస్తుంది. బలం కాదు కావాల్సింది, ఆ పల్లం. ట్యూబు తీసి చిల్లు వెతికాక, టైరు లోపల గుడ్డతో చుట్టూ తడమండి. తుమ్మ ముల్లు మొన అందులోనే ఉండిపోయి కొత్త ట్యూబుని అయిదు కిలోమీటర్లకే పొడుస్తుంది. ప్యాచీ వేసేచోట ఉప్పు కాగితంతో గరుకు చేసి, సొల్యూషన్ పూసి, అయిదు నిమిషాలు ఆరనివ్వాలి. వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడే అతికించాలి. తడిగా ఉన్నప్పుడు అంటించిన ప్యాచీ వేడికి జారిపోతుంది.

ట్యూబ్‌లెస్ అయితే ఇంత బాధ లేదు. మేకు ఏ వాలులో దిగిందో చూసి, అదే వాలులో రంపపు సూది దింపి, జిగురు రబ్బరు స్ట్రిప్ పెట్టి, పైన మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి కోసేయడమే. టైరు పక్క గోడ చిరిగితే స్ట్రిప్‌తో ప్రయాణం చేయకండి.

స్పోకుల చక్రాలకి మొదటి వెయ్యి కిలోమీటర్లలోపు ఒకసారి, తర్వాత ప్రతి సర్వీసులో చిన్న పానాతో ఒక్కో స్పోకునీ మీటి చూడండి. టంగుమంటే బిగువు, డబ్బుమంటే వదులు. వదులు స్పోకు పక్కవాటి మీద బరువు వేస్తుంది. ఒకటి విరిగిందంటే వరసగా రెండు మూడు పోతాయి.

ఘాట్ దిగేటప్పుడు

తిరుమల ఘాట్‌లో పైకి 28 నిమిషాలకి తక్కువ, కిందికి 40 నిమిషాలకి తక్కువ కాకూడదని దేవస్థానం నియమం. దిగేటప్పుడు అంటే సగటున గంటకి 30 లోపే. ఆ వేగాన్ని బ్రేకుతో పట్టి ఉంచాలని చూసేవాళ్లకే సమస్య. కుడి కాలు దిగినంతసేపూ వెనక పెడల్ మీదే ఉంటే డిస్కు వేడి బ్రేకు ఆయిల్‌కి ఎక్కుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిలు మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, తడి చేరాక ఆ మరుగు 155 దాకా పడిపోవచ్చు. మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలు చేరితే పెడల్ స్పాంజీలా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఆయిలు రంగు ఎలా ఉన్నా రెండేళ్లకోసారి మార్పించండి.

రెండో గేరో మూడో గేరో వేసి ఇంజినుతోనే వేగం పట్టండి. బ్రేకు మలుపు ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడు, కాస్త గట్టిగా కొట్టి పూర్తిగా వదిలేయాలి. న్యూట్రల్‌లో దించి పెట్రోలు మిగులుద్దామనుకునే లెక్క తప్పు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్ పెట్రోలు తీసుకోవడమే ఆపేస్తుంది, న్యూట్రల్‌లో ఐడిలింగుకి తాగుతూనే ఉంటుంది.

భాకరాపేట ఘాట్ వన్‌వే కాదు. 2022 మార్చిలో పెళ్లివారి బస్సు లోయలో పడింది అక్కడే. గుడ్డి మలుపులో మధ్య గీత వైపు వాలకండి. బస్సు వెనక భాగం మలుపులో మీ వైపుకి ఎంత ఊడ్చుకుంటూ వస్తుందో ఊహించుకుని ఎడమ సగంలోనే ఉండండి. కంకర దారిలో వెనక ఏబీఎస్‌ని, అంటే బ్రేకు కొట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటుని, తీసేసే స్విచ్చున్న చాలా బండ్లలో, తాళంతో ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది మామూలు స్థితికి వచ్చేస్తుంది. ఫొటో కోసం ఆగి బయల్దేరినవాళ్లు తీసేసే ఉందనుకుని పెడల్ తొక్కేది అలాగే.

చైను, గాలి, నీళ్లు

చైనుని 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిసిన ప్రతిసారీ శుభ్రం చేయాలి. కిరసనాయిలు గానీ చైన్ క్లీనర్ గానీ వాడండి. పెట్రోలు, ఇనుప తీగల బ్రష్ వద్దు, లింకుల మధ్య రబ్బరు రింగులు చెడి లోపలి గ్రీజు బయటికి పోతుంది. ఆరాక చైను లోపలి వైపు నుంచి లూబ్ కొట్టి రాత్రంతా వదిలేయండి. బయల్దేరే ముందు కొడితే సగం వెనక రిమ్ము మీదే ఉంటుంది. వదులు ఎంతుండాలో మాన్యువల్‌లో ఉన్న అంకే తీసుకోండి. సస్పెన్షన్ పొడుగ్గా కదిలే బండ్లు కాబట్టి మామూలు బండి కంటే వదులుగానే ఉంటుంది. అది చూసి మెకానిక్ బిగించేస్తే, ఇద్దరు కూర్చుని గుంతలో పడినప్పుడు చైను తీగలా బిగుసుకుని గేర్‌బాక్సు బయటి షాఫ్టు బేరింగుని లాగేస్తుంది. వెనక స్ప్రాకెట్ చివర చైనుని వేళ్లతో వెనక్కి లాగండి, పంటి సగం బయటపడితే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చాలి.

క్వారీల చుట్టుపక్కల తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ని మాన్యువల్ చెప్పినదానికి సగం దూరానికే చూడాలి. పొడి కాగితం రకమైతే లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టొచ్చు. నూనె తడి ఉన్న కాగితం రకానికి గాలి కొట్టకూడదు, మార్చడమొక్కటే. ఫోర్కు మీద దుమ్ము సీలు అంచున పేరుకున్న మట్టిని బండి కడిగినప్పుడల్లా తుడవండి, దాన్ని వదిలేస్తే ఆయిల్ సీలు కోసుకుపోతుంది.

కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోయకండి. మన బోర్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్ సన్న గొట్టాల్లో గార కడుతుంది. రెడీమేడ్ కూలెంట్ అందకపోతే డిస్టిల్డ్ వాటర్ పోయండి, అదీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. బురదలో తిరిగొచ్చాక రేడియేటర్ రెక్కల్ని మామూలు పైపు నీళ్లతో కడగాలి, ప్రెషర్ గన్‌తో కొడితే రెక్కలు పడుకుంటాయి.

చప్టా మీద నీళ్లు పారుతుంటే ముందు ఒక కారో ట్రాక్టరో దాటేది చూడండి. ఇరుసు ఎత్తు దాకా నిలకడ నీళ్లయితే మొదటి గేరులో ఆగకుండా దాటొచ్చు. పారే నీళ్లు మోకాలికొస్తే వెనక్కి తిరగాలి. 196 కిలోల బండిని కూడా అది పక్కకి నెడుతుంది. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే సెల్ఫ్ నొక్కొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గట్టుకి తోసి, స్పార్క్ ప్లగ్ తీసి, అప్పుడు సెల్ఫ్ తిప్పితే నీళ్లు బయటికి కొట్టేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో నీళ్లుంటే అవి కూడా తుడిచాకే స్టార్ట్ చేయాలి.

అదనపు లైట్లు పెట్టించుకుంటే బ్యాటరీ నుంచి రిలే, ఫ్యూజు వేయించండి. 20 వాట్లవి రెండంటే 40 వాట్లు, దాదాపు 3.3 ఆంపియర్లు; 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. హెడ్‌లైటు వైరు కోసి కలిపే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి, వారంటీ పోయేది అక్కడే. ఎదుటి బండి వస్తుంటే ఆపేయడానికి చేతికందే స్విచ్చు ఉండాలి.

పాత బండి కొనేటట్టయితే

ఈ తరగతి పాత బండ్లు మనవాళ్లు ఎక్కువగా బెంగళూరు, చెన్నై నుంచి తెచ్చుకుంటారు. చూడటానికి వెళ్లినప్పుడు ముందు చక్రం లేపి హ్యాండిల్‌ని ఒక కొస నుంచి ఇంకో కొసకి వేలితో తిప్పండి. సరిగ్గా మధ్యలో గుంటలో పడినట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయింది. ఇంజిన్ అడుగున రక్షణగా ఉండే బాష్ ప్లేటు కింద చేయి పెట్టి తడమండి, సొట్ట లోతుగా ఉంటే ఇంజిన్ కేసు మీద చూపు సారించండి. సబ్‌ఫ్రేమ్ వెల్డింగుల దగ్గర పెయింటు పగిలిందేమో టార్చి వేసి చూడండి. ఫోర్కు గొట్టం మీద వేలు రాస్తే నూనె అంటకూడదు. రిమ్ముని తిప్పి బ్రేకు కాలిపర్‌ని గుర్తుగా పెట్టుకుంటే వంకర తెలిసిపోతుంది.

కాగితాల్లో బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదని ఆ రాష్ట్రం ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ, అంటే ఫారం 28, పేరు మార్పుకి ఫారం 29, 30, ఇన్సూరెన్సు ఉండాలి. బండి మీద లోను ఉండుంటే బ్యాంకు క్లియరెన్సు కూడా. ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్సు కట్టాలి, దాన్ని బేరంలోనే కలుపుకుని లెక్కవేయండి. ఎన్‌వోసీ చేతికి రాకముందు మొత్తం డబ్బు ఇచ్చేయకండి.